చలికాలపు జ్వరం తగ్గినా దగ్గు తగ్గలేదా? ఆస్తమా ఉన్నవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

సంక్రాంతికి ఊరెళ్లినవాళ్లలో చాలామంది జ్వరం వెంటబెట్టుకుని వస్తారు. జనవరి ఆఖరుకి జ్వరం పోతుంది, దగ్గు మిగులుతుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందంటారు గానీ, ఈ దగ్గుకి ఆ మాట వినపడదు. నాకు పదకొండో ఏట నుంచి ఉబ్బసం. ఉండేది విశాఖలో, కంచరపాలెం వైపు. దాంతో మా అపార్ట్‌మెంట్‌లోనూ చుట్టాల్లోనూ దగ్గు తగ్గనివాళ్లందరూ ముందు నాకే ఫోన్ చేస్తారు. అడిగేవి ఏటా అవే ప్రశ్నలు. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెట్టాను. నేను డాక్టర్ని కాను. మందు ఏది, ఎంత అన్నది మీ డాక్టరే తేల్చాలి. అక్కడ అడగడం మర్చిపోయేవీ, అడగడానికి మొహమాటపడేవీ ఇక్కడ ఉన్నాయి.

## జ్వరం తగ్గిన కొత్తలో

జ్వరం, రొంప పోయి మూడు వారాలైంది. దగ్గు ఎందుకు పోవట్లేదు?

వైరస్ వారం పది రోజుల్లో పోతుంది, అది చేసిన గాయం ఉండిపోతుంది. ఊపిరి గొట్టాల లోపలి పొర దెబ్బతిని, కింద ఉన్న నరాల కొసలు బయటపడతాయి. పుండు మానాక వచ్చిన కొత్త చర్మం మీద నీళ్లు పడినా చురుక్కుమన్నట్టే, చల్లగాలి తగిలినా దుమ్ము తగిలినా దగ్గు తన్నుకొస్తుంది. ఆస్తమా లేనివాళ్లకి కూడా ఇది మూడు నుంచి ఎనిమిది వారాలు ఉండొచ్చు. ఆస్తమా ఉన్నవాళ్ల గొట్టాలు ముందే వాచి ఉంటాయి. వాటి మీద ఇది కూడా పడితే దగ్గు ఇంకా మొండికేస్తుంది. మీరు ఏదో పథ్యం తప్పడం వల్ల వచ్చింది కాదిది.

ఇది మామూలు దగ్గా, ఆస్తమా దగ్గా?

ఎప్పుడు వస్తోందో గమనించండి. తెల్లవారుజామున రెండు నుంచి నాలుగు మధ్య లేపేస్తుందా? గట్టిగా నవ్వితే మొదలవుతుందా? మేడ మెట్లెక్కి పైకి చేరిన రెండు నిమిషాలకి వస్తుందా? ఏసీ గదిలోంచి ఎండలోకి, ఎండలోంచి ఏసీలోకి వెళ్లినప్పుడు పొడిదగ్గు తెరలు తెరలుగా వస్తుందా? వీటిలో రెండుమూడు కలిస్తే ఆస్తమాని అనుమానించాల్సిందే. పిల్లికూతలు, ఛాతీ బిగపట్టినట్టుండటం తోడైతే అనుమానం ఇంకా బలపడుతుంది. వెంటనే పనిచేసే ఇన్‌హేలర్ రెండు పఫ్‌లు పీల్చాక పావుగంటలో దగ్గు సద్దుమణిగితే అదీ ఒక గుర్తే. ఆ సంగతి డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి.

నాకెప్పుడూ ఆయాసం రాలేదు. ఒక్క దగ్గుతోనే ఆస్తమా ఉంటుందా?

ఉంటుంది. కూతలూ ఆయాసమూ లేకుండా దగ్గొక్కటే లక్షణంగా ఉండే ఆస్తమాని కాఫ్ వేరియంట్ ఆస్తమా అంటారు. స్టెతస్కోపు పెడితే ఏమీ వినపడదు కాబట్టి చాలామందికి నెలల తరబడి జలుబు మందులే పడుతుంటాయి.

కళ్లె పసుపుపచ్చగా పడుతోంది. యాంటీబయాటిక్ వేసుకోనా?

రంగును బట్టి నిర్ణయించకండి. వైరస్‌తో పోరాడిన తెల్లకణాల వల్ల కూడా కళ్లె పచ్చబడుతుంది. ఆస్తమాలో పెరిగే ఈసినోఫిల్ కణాల వల్ల కూడా ఆ రంగు రావొచ్చు. షాపులో చీటీ లేకుండా ఇచ్చే మూడు రోజుల అజిత్రోమైసిన్ కోర్సు వైరస్ మీద పనిచేయదు. తగ్గిన జ్వరం మళ్లీ గట్టిగా తిరగబెట్టినా, ఊపిరి తీస్తే ఒకపక్క పొడిచినట్టున్నా నెమ్ము చేరిందేమో డాక్టర్ చూడాలి. యాంటీబయాటిక్ అవసరమా అన్నది అప్పుడు తేలుతుంది.

దగ్గు సిరప్ మూడో సీసా నడుస్తోంది. ఎందుకు తగ్గట్లేదు?

సిరప్‌లలో కొన్ని మెదడుకి చేరే దగ్గు సంకేతాన్ని మందగింపజేస్తాయి, కొన్ని కళ్లెని పలుచన చేస్తాయి, కొన్ని నిద్రపుచ్చుతాయి. గొట్టాల వాపుని తగ్గించేది మాత్రం వాటిలో లేదు. నా లెక్కలో ఆస్తమా దగ్గుకి సిరప్ మీద పెట్టే డబ్బు దండగ. డబ్బు పోతే పోయింది, మూడు సీసాలు అయ్యేలోపు అసలు చికిత్స నెల ఆలస్యమవుతుంది.

మా బాబుకి నాలుగేళ్లు. రాత్రంతా దగ్గుతున్నాడు. ఏం ఇవ్వాలి?

మీ అంతట మీరు సిరప్ పట్టకండి. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన సిరప్‌లని నాలుగేళ్ల లోపు పిల్లలకి వాడకూడదని 2023 డిసెంబరులోనే మన దేశ ఔషధ నియంత్రణ సంస్థ చెప్పింది. ఏడాది దాటిన పిల్లలకి పడుకునే ముందు చెంచాడు తేనె ఇవ్వొచ్చు. ఏడాది లోపు పిల్లలకి తేనె నాకించనే కూడదు. పిల్లల్లో నాలుగు వారాలు దాటిన దగ్గుని దీర్ఘకాలిక దగ్గు కింద లెక్కవేస్తారు కాబట్టి అంతదాకా ఆగకుండా పిల్లల డాక్టర్‌కి చూపించండి. ఇంకో సంగతి. వేరుశెనగ గింజో, బొమ్మలోని ముక్కో నోట్లో పెట్టుకుని ఉక్కిరిబిక్కిరయ్యాకే దగ్గు మొదలైందా? అలాగైతే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

కరక్కాయ, మిరియాల కషాయం, అడ్డసరం ఆకు పనిచేస్తాయా?

గొంతు గరగరకి పనిచేస్తాయి. కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకుంటే లాలాజలం ఊరి గొంతు తడిగా ఉంటుంది, బస్సులో నేను ఇప్పటికీ చేసే పనే. అడ్డసరం మీద మన పెద్దవాళ్ల నమ్మకం ఊరికే పోలేదు. దాని ఆకులో ఉండే వాసిసిన్ ఆధారంగానే కళ్లెని పలుచన చేసే బ్రోమ్‌హెక్సిన్ అనే మందు తయారైంది. అయితే గర్భిణులు అడ్డసరం వాడకూడదు. బీపీ ఉన్నవాళ్లు అతిమధురం రోజూ నమలకూడదు, బీపీ పెరుగుతుంది. కషాయం తాగుతున్నాం కదా అని ఇన్‌హేలర్ మాత్రం ఆపకండి, అది చేసే పని వేరు.

ఆవిరి పట్టొచ్చా?

ముక్కు దిబ్బడకి హాయిగా ఉంటుంది, ఆస్తమాకి మందు కాదు. కొందరికి వేడి ఆవిరికి, అందులో వేసే ఘాటు బామ్‌కి దగ్గు ఇంకా ఎక్కువవుతుంది. పిల్లలున్న ఇంట్లో దుప్పటి కింద మరిగే గిన్నె వద్దే వద్దు.

## డాక్టర్ దగ్గర, పరీక్షల దగ్గర

ఎన్ని రోజులు చూసి వెళ్లాలి?

ఆస్తమా ఉందని ముందే తెలిసినవాళ్లు రోజులు లెక్కపెట్టుకోనక్కర్లేదు. దగ్గుతో రాత్రి మెలకువ వస్తున్నా, వెంటనే పనిచేసే ఇన్‌హేలర్ వారంలో రెండుసార్ల కంటే ఎక్కువ అవసరమవుతున్నా వెళ్లండి. ఆస్తమా లేదనుకునేవాళ్లు కూడా రెండు వారాలు దాటాక ఊరుకోకూడదు.

నాకు ఆస్తమా అని చెప్తున్నా టీబీ పరీక్ష రాశారు. ఎందుకు?

మన దేశంలో రెండు వారాలకి మించి దగ్గు ఉంటే టీబీ పరీక్ష చేయించాలన్నది జాతీయ కార్యక్రమం పెట్టిన నియమం. డాక్టర్ మిమ్మల్ని అనుమానిస్తున్నట్టు కాదు, అవమానంగా అనుకోకండి. ఆస్తమా ఉన్నవాళ్లకి టీబీ రాదని ఎక్కడా లేదు. పైగా టీబీ ఉండగా అది తెలియకుండా స్టెరాయిడ్ మాత్రలు వాడటం ప్రమాదం. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్ష ఉచితం. పొద్దున్నే లోపలి నుంచి తీసిన కళ్లె ఇవ్వాలి. ఉమ్మి ఇస్తే పరీక్ష వృథా. సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు, కళ్లెలో రక్తపు చార ఉంటే అస్సలు వాయిదా వేయకండి. సమాచారం కావాలంటే నిక్షయ్ టోల్‌ఫ్రీ నంబరు 1800-11-6666.

విశాఖలో ఎక్కడికి వెళ్లాలి?

ముందు మీ వార్డుకి దగ్గరలోని పట్టణ ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి, అక్కడి నుంచి పైకి పంపిస్తారు. ప్రభుత్వ వైద్యంలో ఊపిరితిత్తులకి ప్రత్యేకంగా ఉన్నది వాల్తేరులోని ఛాతీ, అంటువ్యాధుల ఆసుపత్రి. పాతవాళ్లు ఇంకా టీబీ ఆసుపత్రి అనే అంటారు. ఆ పేరు వినే కొందరు అటువైపు వెళ్లరు, అక్కడ ఆస్తమా కూడా చూస్తారు. మహారాణిపేటలో కేజీహెచ్, హనుమంతవాక దగ్గర విమ్స్ అనే ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి. ప్రైవేటుకి వెళ్లేవాళ్లు పల్మనాలజిస్టు అన్న బోర్డు చూసుకుని వెళ్లండి. పాత చీటీలన్నీ, ఇప్పుడు వాడుతున్న ఇన్‌హేలర్‌తో సహా, ఒక కవర్లో పెట్టుకెళ్తే సగం మాటలు మిగులుతాయి.

ఎక్స్‌రే క్లియర్ అన్నారు. మరి దగ్గెందుకు?

ఎక్స్‌రేలో నెమ్ము, టీబీ మచ్చ, గడ్డ లాంటివి కనపడతాయి. సన్నటి గొట్టాల వాపు, బిగుతు కనపడవు. ఆస్తమా ఉన్నవాళ్ల ఎక్స్‌రే చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. క్లియర్ అంటే వేరే పెద్ద జబ్బు కనపడలేదని అర్థం, అంతే.

స్పైరోమెట్రీ అంటే ఏం చేస్తారు? నొప్పి ఉంటుందా?

సూది ఉండదు, నొప్పి ఉండదు. ముక్కుకి క్లిప్పు పెట్టి, గుండెల నిండా గాలి పీల్చుకుని గొట్టంలోకి ఒక్క పెట్టున ఊదమంటారు. "ఊదు, ఊదు, ఇంకా ఊదు" అని పక్కన టెక్నీషియన్ అరుస్తుంటే నవ్వొస్తుంది, నవ్వితే మళ్లీ మొదటికొస్తుంది. తర్వాత ఇన్‌హేలర్ ఇచ్చి, పావుగంట ఆగి మళ్లీ ఊదిస్తారు. మొదటి సెకనులో ఊదిన గాలి ముందుకంటే 12 శాతం, 200 మిల్లీలీటర్లు మించి పెరిగితే పెద్దవాళ్లలో అది ఆస్తమా వైపు చూపిస్తుంది. పరీక్షకి ముందు ఏ ఇన్‌హేలర్ ఎన్ని గంటలు ఆపాలో ఫోన్ చేసి కనుక్కోండి. దగ్గు లేని రోజున చేస్తే ఫలితం మామూలుగా రావొచ్చు, ఒక్కసారి బాగుందని ఆస్తమా లేదని తేల్చేయరు.

రక్తపరీక్షలో ఇస్నోఫీలియా వచ్చింది. అది వేరే జబ్బా?

మన వైపు "నాకు ఇస్నోఫీలియా ఉంది" అని జబ్బు పేరులా చెప్పుకుంటారు. నిజానికి అది రక్తంలో ఈసినోఫిల్ అనే తెల్లకణాలు పెరిగాయని చెప్పే లెక్క. ఆస్తమాలో పెరుగుతాయి, అలర్జీలో పెరుగుతాయి, కడుపులో పురుగులున్నా పెరుగుతాయి. ఇంకో కారణం కోస్తా వాళ్లకి తెలిసి ఉండాలి. బోదకాలు తెచ్చే ఫైలేరియా క్రిమి వల్ల కొందరికి కాలు వాయకుండా రాత్రిపూట దగ్గు, ఆయాసం మాత్రమే వస్తాయి. అప్పుడు ఈ కణాల సంఖ్య చాలా ఎక్కువగా, 3000 దాటి ఉంటుంది. అచ్చం ఆస్తమాలానే కనిపిస్తుంది గానీ దాని మందు వేరు. అంకె బాగా పెద్దదిగా ఉంటే "ఇది ఫైలేరియా వల్ల కావొచ్చా?" అని డాక్టర్‌ని అడగండి.

నేను వాడే వేరే మాత్రల వల్ల దగ్గు రావొచ్చా?

రావొచ్చు. రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటి బీపీ మాత్రలు కొందరికి పొడిదగ్గు తెప్పిస్తాయి. ప్రొప్రనలాల్ లాంటి గుండె మాత్రలు, గ్లకోమాకి వేసే టిమొలాల్ కంటి చుక్కలు ఆస్తమాని రేపుతాయి. కంటి చుక్కల గురించి ఎవరూ చెప్పరు, ఎందుకంటే అవి మందని తట్టదు. ఆస్తమా ఉన్న కొందరికి ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ కూడా పడవు. అలాగని బీపీ మాత్ర మీరే ఆపేయకండి. డాక్టర్ మార్చి ఇస్తారు.

## ఇన్‌హేలర్ మొదలుపెట్టాక

ఇన్‌హేలర్ అలవాటైతే జీవితాంతం వదలదట కదా? మాత్రలతో సరిపెట్టుకోలేనా?

ఈ మాట ఎక్కువగా పెళ్లి కావాల్సిన ఆడపిల్లల తల్లులు అడుగుతారు, గొంతు తగ్గించి. లెక్క చూడండి. సాల్బుటమాల్ మాత్ర ఒకటి 4 మిల్లీగ్రాములు. పఫ్ ఒకటి 100 మైక్రోగ్రాములు. అంటే ఒక్క మాత్రలో నలభై పఫ్‌ల మందు ఉంది. అది ఒళ్లంతా తిరిగి, చేతులు వణికించి, గుండె దడ పెంచి, చివరికి కొంచెం ఊపిరితిత్తులకి చేరుతుంది. పఫ్ నేరుగా అక్కడికే వెళ్తుంది. ఇన్‌హేలర్‌కి మత్తుమందులా బానిసవడం అంటూ లేదు. వదలనిది ఆస్తమా, అది ఎవరికి ఎంతకాలం ఉంటుందో పఫ్ నిర్ణయించదు.

రెండు ఇన్‌హేలర్లు రాశారు. ఏది ఎప్పుడు?

ఒకటి గొట్టాలని వెంటనే వదులు చేసేది, కొన్ని గంటలే పనిచేస్తుంది. రెండోది వాపుని తగ్గించే స్టెరాయిడ్ ఉన్నది, దగ్గు ఉన్నా లేకపోయినా రాసిన పూటకి పీల్చాల్సింది. జనం మొదటిదాన్ని ఇష్టపడతారు, ఎందుకంటే ఫలితం వెంటనే తెలుస్తుంది. మొండి దగ్గుని తగ్గించేది రెండోది. వెంటనే పనిచేసేదొక్కటే వాడుతూ ఆస్తమా నెట్టుకురావడం మంచిది కాదని 2019 నుంచి అంతర్జాతీయ మార్గదర్శకాలే చెబుతున్నాయి. కొందరికి బుడెసోనైడ్, ఫార్మొటెరాల్ కలిపినది ఒక్కటే ఇచ్చి రెండు అవసరాలకీ అదే వాడమంటారు. మీది ఏ పద్ధతో డాక్టర్ చేత చీటీ మీద తెలుగులో రాయించుకోండి.

వారం నుంచి పీలుస్తున్నా. ఏమీ తేడా లేదే?

వాపు తగ్గించే మందు నెమ్మదిగా పనిచేస్తుంది. చాలామందికి ఒకటి రెండు వారాల్లో రాత్రి దగ్గు పలచబడుతుంది. దగ్గు ప్రధానంగా ఉన్న ఆస్తమాలో పూర్తిగా తేలడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టొచ్చు. క్యాలెండర్ మీద రాత్రి ఎన్నిసార్లు లేచారో ఒక అంకె వేయండి. అయిదు, నాలుగు, నాలుగు, రెండు అని దిగుతుంటే మందు పనిచేస్తున్నట్టే. మనకి మాత్రం "ఇంకా దగ్గుతూనే ఉన్నా" అనే అనిపిస్తుంది.

సరిగ్గా పీలుస్తున్నానో లేదో ఎలా తెలుస్తుంది?

మా పిన్ని కథ చెప్తాను. ఆవిడకి పొడి మందు గొట్టాల (క్యాప్సూల్స్) డబ్బా, పీల్చే పరికరం రాశారు. షాపులో పరికరం స్టాకు లేదని డబ్బా ఒక్కటే ఇచ్చి పంపారు. ఆవిడ రోజుకి రెండు గొట్టాలు మంచినీళ్లతో మింగింది, పది రోజులు. "ఏం మందురా, కడుపులోకి పోతోంది గానీ దగ్గు కదలట్లేదు" అంది. నిజమే చెప్పింది పాపం.

పఫ్ రకమైతే స్పేసర్ (ఇన్‌హేలర్‌కీ నోటికీ మధ్య పెట్టే ప్లాస్టిక్ బుడ్డి) తప్పనిసరి అనుకోండి. డబ్బాని ఊపి, ఊపిరి పూర్తిగా వదిలి, స్పేసర్ మూతిని పెదాలతో మూసి, ఒక్క పఫ్ నొక్కి, నెమ్మదిగా లోతుగా పీల్చాలి. పదంకెలు లెక్కపెట్టేదాకా బిగబట్టి వదలాలి. రెండో పఫ్‌కి అర నిమిషం ఆగండి. రెండు పఫ్‌లు ఒకేసారి స్పేసర్‌లో నొక్కితే మందు గోడలకి అంటుకుపోతుంది. పొడి రకమైతే దీనికి పూర్తి విరుద్ధంగా, వేగంగా, గట్టిగా పీల్చాలి. పీల్చాక క్యాప్సూల్ గొట్టం తెరిచి చూడండి, పొడి మిగిలి ఉంటే మళ్లీ పీల్చండి.

విశాఖ ఉక్క సంగతి తెలిసిందే కదా, ఉప్పు డబ్బా మూత తీసి ఉంచితే సాయంత్రానికి ముద్ద. పొడి మందూ అంతే. ఆ డబ్బాని బాత్రూం అరలోనో, వంటగట్టు మీదో పెట్టకండి. స్పేసర్‌ని వారానికోసారి సబ్బునీళ్లలో ముంచి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరనివ్వాలి. తుడిస్తే లోపల విద్యుదావేశం పుట్టి మందుని లాక్కుంటుంది.

గొంతు బొంగురుపోయింది, నాలుక మీద తెల్లపొర వచ్చింది. ఆపేయనా?

ఆపకండి. స్టెరాయిడ్ మందు నోట్లో మిగిలిపోవడం వల్ల వస్తుంది. పీల్చిన ప్రతిసారీ నీళ్లు పుక్కిలించి ఉమ్మేయాలి. పళ్లు తోముకునే ముందు పీల్చితే మర్చిపోరు. తెల్లపొరకి మందు ఉంది, చూపించుకోండి.

అయిదు రోజులు స్టెరాయిడ్ మాత్రలు రాశారు, అద్భుతంగా తగ్గింది. మళ్లీ దగ్గొస్తే అదే చీటీతో కొనుక్కోనా?

వద్దు. ప్రెడ్నిసొలోన్ లాంటి మాత్రలు ఆస్తమా బాగా రేగినప్పుడు కొద్ది రోజులు వాడేవి. మాటిమాటికీ మింగితే షుగర్, బీపీ, ఎముకల బలహీనత, కంటి శుక్లం వెంటబడతాయి. ఏడాదిలో రెండోసారి వీటి అవసరం వచ్చిందంటే రోజువారీ చికిత్స చాలట్లేదని. అది డాక్టర్‌తో కూర్చుని మాట్లాడాల్సిన విషయం.

మాంటెలుకాస్ట్ మాత్ర మొదలుపెట్టాక పీడకలలు, చిరాకు. దీని వల్లేనా?

కావొచ్చు. నిద్ర పాడవడం, ఆందోళన, దిగులు లాంటివి కొందరిలో వస్తాయని 2020లో అమెరికా ఔషధ సంస్థ ఈ మందు మీద గట్టి హెచ్చరిక వేయించింది. వెంటనే డాక్టర్‌కి చెప్పండి. పిల్లల్లో అకస్మాత్తుగా మొండితనం, ఏడుపు పెరిగినా ఈ కోణంలో ఆలోచించండి.

మా కోడలు గర్భిణి. పఫ్ ఆపించమంటారా అత్తయ్యగారూ, అని ఒకావిడ నన్నడిగింది. ఆపాలా?

(నేను అత్తయ్యగారిని కాదు, మావయ్యని. మా ఆవిడ ఫోన్ ఎత్తింది.) ఆపకూడదు. బిడ్డకి అందేది తల్లి ఊపిరే. అదుపు తప్పిన ఆస్తమా వల్ల వచ్చే ముప్పు ఇన్‌హేలర్ వల్ల వచ్చేదానికంటే ఎక్కువ. గైనకాలజిస్టుకి, ఛాతీ డాక్టర్‌కి ఇద్దరికీ చెప్పి కొనసాగించాలి.

## ఇంట్లో, బయట

రాత్రి రెండింటికి దగ్గు లేపేస్తుంది. అప్పుడేం చేయాలి?

లేచి కూర్చోండి, పడుకుని పోరాడకండి. భుజాలు వదులు చేసి, ముక్కుతో పీల్చి, దీపం ఊదినట్టు పెదాలు సున్నాలా చుట్టి నెమ్మదిగా వదలండి. గోరువెచ్చటి నీళ్లు చిన్న గుక్కలుగా తాగండి. ఇంకా తెరలు వస్తుంటే డాక్టర్ చెప్పినట్టు వెంటనే పనిచేసే పఫ్ తీసుకోండి, ఓర్చుకుంటే పుణ్యమేమీ రాదు. రాత్రి భోజనం పదింటికి తిని పదిన్నరకి పడుకునేవాళ్లకి కడుపులో ఆమ్లం పైకొచ్చి కూడా దగ్గొస్తుంది. తినడానికీ పడుకోవడానికీ మధ్య రెండు మూడు గంటలు ఉండేలా చూసుకోండి, తల వైపు మంచం కోళ్ల కింద ఇటుక పెట్టండి.

పోపు ఘాటుకి ప్రాణం పోతోంది. వంట ఎవరు చేస్తారు?

దగ్గు ఉన్నన్నాళ్లూ ఇంకెవరైనా చేయాలి, ఇదే నా జవాబు. ఎండుమిర్చి మాడిన పొగ ఆరోగ్యవంతుణ్ణే దగ్గిస్తుంది. కుదరకపోతే ఎగ్జాస్ట్ ఫ్యాన్ ముందే వేసి, నూనె మరీ కాగకముందే పోపు దినుసులు వేసి, మిర్చి చివర్లో వేసి వెంటనే మూత పెట్టండి. ఆవకాయ కారం కొట్టించడం, ఇంట్లో బ్లీచింగ్, ఫినాయిల్ గాఢంగా వాడటం కూడా ఈ లెక్కలోవే.

అగరబత్తి, సాంబ్రాణి, దోమల చక్రం మానాలా?

మానాలి. మూసిన గదిలో దోమల చక్రం రాత్రంతా వదిలే పొగ, సిగరెట్ పొగ లాంటిదే. దోమతెర కట్టుకోండి. దేవుడికి దీపం చాలు. అత్తగారు ఒప్పుకోకపోతే బాల్కనీలో వెలిగించి చూపించమనండి.

మాది పాతనగరం వైపు. కిటికీ గట్టు మీద రోజూ నల్లపొడి. ఇల్లు మారాలా?

అందరికీ కుదిరేది కాదు. ఊరి ఆకారం తెలిస్తే కొంత కాచుకోవచ్చు. ఉత్తరాన కైలాస కొండలు, దక్షిణాన యారాడ కొండ, మధ్యలో ఊరు గిన్నెలా ఉంటుంది. చలికాలం తెల్లవారుజామున నేల దగ్గర గాలి చల్లగా, దాని పైన వెచ్చగా ఉండి, గిన్నె మీద మూత పెట్టినట్టవుతుంది. పొగ, దుమ్ము కిందే నిలిచిపోతాయి. ఎండెక్కి సముద్రపు గాలి ఊరిలోకి వచ్చాక పలచబడతాయి. అందుకని తెల్లారగానే కిటికీలు బార్లా తీయకండి, తొమ్మిది తర్వాత తీయండి. చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవండి. భోగి రోజు పొద్దున మాత్రం తలుపులు వేసుకుని లోపలే ఉండండి, మంట ఫొటోలు ఎవరో ఒకరు పంపుతారు.

బీచ్ రోడ్డులో వాకింగ్ ఆపాలా?

ఆపక్కర్లేదు, సమయం మార్చండి. అయిదింటి చీకట్లో కాకుండా ఎండ కాస్త పడ్డాక వెళ్లండి. మొదటి పది నిమిషాలు మెల్లగా నడవండి, ముక్కుతోనే ఊపిరి తీయండి. సింహాచలం మెట్లు, కైలాసగిరి ఎక్కడం దగ్గు పూర్తిగా తగ్గాకే.

అరకు, లంబసింగి ట్రిప్ బుక్ చేశాం. వెళ్లొచ్చా?

దగ్గు ఉండగా వద్దంటాను. అక్కడ చలికాలపు తెల్లవారుజామున ఉష్ణోగ్రత ఒక అంకెకి పడిపోతుంది, ఆ చల్లటి పొడిగాలి గొట్టాలని ఒక్కసారిగా బిగిస్తుంది. పైగా రాత్రిపూట క్యాంప్‌ఫైర్. వెళ్లక తప్పకపోతే ముక్కూ నోరూ మఫ్లర్‌తో కప్పుకోండి, ఇన్‌హేలర్ సూట్‌కేసులో కాకుండా జేబులో ఉంచుకోండి. ఘాట్ రోడ్డు మీద పెద్దాసుపత్రి దగ్గరలో ఉండదని గుర్తుంచుకోండి.

అరటిపండు, పెరుగు, చల్లనివి మానేయాలా?

అరటిపండు, పెరుగు ఆస్తమాని పెంచవు, మీకు ప్రత్యేకంగా అలర్జీ ఉంటే తప్ప. ఫ్రిజ్ నీళ్లు తాగగానే దగ్గొస్తే అవి మానండి. ఏదైనా తిన్న ప్రతిసారీ దగ్గొస్తోందంటే దాన్ని రాసిపెట్టుకుని డాక్టర్‌కి చూపించండి. పెరుగన్నం మానిపించినంత మాత్రాన తగ్గిన దగ్గుని నేను చూడలేదు.

దగ్గితే మూత్రం చుక్క పడుతోంది. ఎవరికి చెప్పను?

డాక్టర్‌కే చెప్పండి. ఆడవాళ్లలో, ముఖ్యంగా కాన్పులైనవాళ్లలో, గట్టి దగ్గుకి ఇలా అవడం చాలా మామూలు. మూత్రాన్ని బిగబట్టినట్టు కటి కండరాల్ని బిగించి, కొన్ని క్షణాలుంచి వదిలే వ్యాయామం రోజూ చేస్తే బలం వస్తుంది. దగ్గు వచ్చే ముందు బిగించండి. దీనికి భయపడి నీళ్లు తాగడం మానకండి.

## అర్జెంటుగా వెళ్లాల్సినప్పుడు

ఏం కనిపిస్తే ఆగకూడదు?

ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోవడం. పెదాలు, గోళ్లు నీలిరంగులోకి తిరగడం. ఊపిరి తీస్తే మెడ దగ్గర, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కోవడం. మగత. పఫ్ పీల్చిన గంటకే మళ్లీ అవసరమవడం. ఆక్సీమీటర్‌లో 94 కంటే తగ్గడం. మనిషి అవస్థపడుతూనే ఉండి పిల్లికూతలు హఠాత్తుగా ఆగిపోతే తగ్గిందనుకోకండి, గాలి ఆడటమే తగ్గిపోయి ఉండొచ్చు. 108కి ఫోన్ చేయండి.

అంబులెన్సు వచ్చేలోపు ఏం చేయాలి?

నిటారుగా కూర్చోబెట్టండి, పడుకోబెట్టకండి. వెంటనే పనిచేసే నీలం ఇన్‌హేలర్‌ని స్పేసర్‌తో ఒక్కో పఫ్ చొప్పున, మధ్యలో అర నిమిషం నుంచి నిమిషం ఆగుతూ, పది దాకా ఇవ్వొచ్చు. చుట్టూ మూగిన జనాన్ని బయటికి పంపండి, ఫ్యాను వేయండి.

## దగ్గు తగ్గాక

దగ్గు పోయింది. ఇన్‌హేలర్ ఆపేయనా?

ఏటా మళ్లీ మొదటికొచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. నేనూ వేశాను. ఒక ఫిబ్రవరిలో దగ్గు ఆగిన నాలుగో రోజున డబ్బా అలమరలో పడేశాను. మార్చి పదో తారీఖుకి బంధువుల పెళ్లిలో తలంబ్రాల వేళ దగ్గుతో బయటికి నడిచాను. వాపు తగ్గేలోపే దగ్గు ఆగిపోతుంది. సాధారణంగా రెండు మూడు నెలలు బాగా ఉన్నాక డాక్టర్ మోతాదు మెట్టు మెట్టుగా తగ్గిస్తారు. ఆ తగ్గించడానికి కూడా అపాయింట్‌మెంట్ తీసుకోండి.

జూన్‌లో హైదరాబాద్ వెళ్లి చేప ప్రసాదం తీసుకుంటే?

మృగశిర కార్తెకి నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం ఉచితంగా వేసే ఆ కొర్రమీను మందు గురించి తెలియని తెలుగువాళ్లుండరు. దానితో ఆస్తమా తగ్గుతుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు. నమ్మకంతో వెళ్తానంటే మీ ఇష్టం, ఇన్‌హేలర్ జేబులో పెట్టుకుని వెళ్లండి. అక్కడి తొక్కిసలాట, దుమ్ము తక్కువేమీ కాదు. చేప అలర్జీ ఉన్నవాళ్లు, గర్భిణులు వద్దు.

వచ్చే చలికాలానికి ఇప్పుడే ఏం చేసుకోవాలి?

ఫ్లూ టీకా ఏటా వేయించుకోవాలి, ఒకసారి వేయించుకుంటే చాలదు. మన దేశంలో ఫ్లూ వానాకాలంలో ఒకసారి, చలికాలంలో ఒకసారి విజృంభిస్తుంది కాబట్టి ఎప్పుడు వేయించుకోవాలో డాక్టర్‌ని అడిగి ఆ నెల ఫోన్‌లో అలారం పెట్టండి. అరవై దాటినవాళ్లు న్యుమోనియా టీకా గురించి కూడా అడగండి. ఏ రంగు ఇన్‌హేలర్ ఎప్పుడు, ఎన్ని పఫ్‌లు, ఎప్పుడు 108 అన్నది ఒక కాగితం మీద రాయించుకుని ఫ్రిజ్ తలుపుకి అంటించండి. అలమరలో పడి ఉన్న పాత డబ్బా తీసి తేదీ, ఎన్ని పఫ్‌లు మిగిలాయో చూపించే అంకె చూడండి. సున్నా చూపిస్తున్నా ఊపితే చప్పుడవుతుంది, అది మందు కాదు, మందుని బయటికి తోసే గ్యాస్. దసరా సెలవుల్లోపు కొత్తది కొనుక్కోండి.